మ్యూజియం గదికే ముందు ఒక ఫొటో తీయండి: పురావస్తు శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, మ్యూజియంల శాఖ కమిషనర్ గారికి, నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, ఈ ప్రాంతంలో గ్యాలరీల బాధ్యత చూసే అధికారులకు,

నమస్కారం.

మ్యూజియంలో ఫొటో అనగానే మన దగ్గర రెండు పనులే గుర్తొస్తాయి. ఒకటి రిజిస్టర్‌లో అతికించే వస్తువు ఫొటో. రెండోది గోడ నిండుగా కనిపించాలని వేయించే పెద్ద ఫ్లెక్సీ. మూడో పని ఇంకోటుంది: మ్యూజియం ఒక జనాన్ని ఏ తీరుగా చూపిస్తోందో ఆ తీరునే ఫొటో తీసి, బల్ల మీద పరుచుకుని చూసి, తప్పుంటే దిద్దుకోవడం. ఆ పనిని మన ప్రాంతంలో మొదలుపెట్టమని అడగడానికే ఈ లేఖ. కొత్త అద్దాలకు, కొత్త లైట్లకు టెండర్లు పిలవకముందే ఇది జరగాలి. వస్తువులు పెట్టిన అద్దాల బీరువాలు ఒకసారి కదిలాయంటే పాత అమరిక చూసేవాళ్ళకు ఏం చెప్పేదో తేల్చుకునే దారి ఉండదు.

ఫొటోకు అంత బలం ఎక్కడిదని అడిగేవారికి చందవరం చాలు. దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రం నుంచి పోయిన ఒక సున్నపురాయి ఫలకం, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులున్నది, క్రీ.శ. 3వ శతాబ్దపు పని, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. 2005లో వాళ్ళు న్యూయార్క్ డీలర్ దగ్గర కొన్నారు. ఆ రాయి 1990లలో భారతదేశంలోనే ఉందని చూపే ఫొటో బయటికి వచ్చాక కొనుగోలు కాగితాలు నిలవలేదు. 2016 సెప్టెంబరులో దాన్ని మన దేశానికి అప్పగించారు. దొంగిలించిన శిల్పాన్ని గుర్తుపట్టడంలో అందమైన ముఖం కంటే విరిగిన అంచులు, చెక్కు లేచిన మూలలు ఎక్కువ పనికొస్తాయి. ఒకే చోట ఒకే తీరున విరిగిన రాళ్ళు రెండుండవు. కాబట్టి చందవరంలో, ప్రకాశం జిల్లాలోనే ఉన్న కనుపర్తిలో ఉన్న ప్రతి రాయికీ ముందు, వెనక, రెండు పక్కలు, అంచుల దగ్గరి ఫొటోలు, కొలబద్దతో సహా ఉండాలి. ఇది వస్తువును కాపాడుకునే పని. మేము అడుగుతున్నది దీని దగ్గర ఆగదు.

ఎందుకంటే అదే కెమెరా చేసిన కీడు కూడా ఇక్కడిదే. 1858లో బ్రిటిష్ సైనికాధికారి, ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలో అమరావతి ఫలకాలను ఫొటోలు తీశాడు. మ్యూజియంలో చేరిన శిల్పాలకు మన దేశంలో తీసిన తొలినాటి ఫొటోల్లో అవి ముఖ్యమైనవి. స్తూపం నుంచి ఊడదీసిన రాళ్ళను పక్కపక్కన నిలబెట్టి తీసిన ఆ వరసల్లో ఏ రాయి ఏ రాయి మీద ఉండేదో తెలియదు. మరుసటి ఏడు ఆ రాళ్ళలో చాలా భాగాన్ని లండన్ పంపేశారు. ఫొటోల్లో మిగిలింది సరుకు పట్టీ, కట్టడం మిగలలేదు.

మనుషుల విషయంలో ఇంకా ఘోరం జరిగింది. ఎడ్గర్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా అదే మ్యూజియానికి సూపరింటెండెంట్. పుర్రె చుట్టుకొలత, ముక్కు వెడల్పు కొలిచి, ముఖం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయించి, 1909లో కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఏడో సంపుటంలో మన యానాదులున్నారు. ఫొటో కింద కులం పేరుంటుంది, మనిషి పేరుండదు. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులన్న నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చి 1952లో రద్దయ్యేదాకా ఇలాంటి ఫొటోలు, కొలతలు, వేలిముద్రలు ఒకే చూపుతో సాగాయి. కావలి సెటిల్‌మెంట్‌లో, ఆ చట్టం కింద నిఘాలో, పెట్టిన ఎరుకల కుటుంబాల మనవళ్ళు, మునిమనవళ్ళు ఈనాడు మన మధ్యే ఉన్నారు. వాళ్ళు టికెట్ కొనుక్కుని లోపలికి వచ్చి ఆ చూపునే మళ్ళీ అద్దం వెనక చూడాల్సి రావడం అన్యాయం.

ఆ చూపు ఎక్కడ దాగుంటుందో చెప్పాలంటే లేబుల్ ఒక్కటే చదివితే సరిపోదు. చాలాసార్లు అది పక్కబీరువాలో ఉంటుంది. పాతరాతియుగపు చేతిగొడ్డళ్ళ పక్కనే చెంచుల విల్లంబులు పెట్టారనుకోండి. ఒక్క తప్పు మాట రాయకపోయినా, ఈ మనుషులు ఆ యుగం వాళ్ళేనని గది చెప్పేస్తుంది. చేపలు పట్టే యానాది ఊతను, ఎలుక బొరియలోకి పొగ ఊదే కుండను మట్టిబొమ్మల చేతికిచ్చి, తేదీ లేకుండా పెడితే, శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక ఆ దీవిలోని యానాదుల బతుకు ఎలా తిరగబడిందో ఎవరికీ తెలియదు. వెండి పాత్రలున్న బీరువాలో బానిస సంకెళ్ళు కూడా పెట్టి అమెరికా కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ 1992లో బాల్టిమోర్‌లో చేసి చూపింది ఇదే: పక్కన ఏముందో అదే అర్థం. వస్తువును విడిగా, నల్లటి వెనకతెర మీద తీసే కేటలాగ్ ఫొటోకు ఈ పక్కతనం దొరకదు. అందుకు వేరే పద్ధతి కావాలి.

ఆ పద్ధతి ఇది. ప్రతి బీరువాకు ఆరు ఫ్రేములు. గుమ్మంలోంచి గది మొత్తం ఒకటి. బీరువా, దానికి అటూ ఇటూ ఉన్నవి కలిసి వచ్చేలా ఒకటి. బీరువా ఒక్కటే, చట్రం నాలుగు అంచులూ కనిపించేలా ఒకటి. వస్తువూ లేబులూ ఒకే ఫ్రేములో ఒకటి. లేబుల్ ఒక్కటే, అక్షరం చదివేలా ఒకటి. చివరిది అందరూ వదిలేసేది: పైనున్న బల్బు, వెనకున్న స్విచ్‌బోర్డు, మంటలార్పే సిలిండర్, మూల పగులు. పనివాళ్ళు వీటిని క్రాప్ చేస్తారు, చేయనివ్వకూడదు. ఒక జనం పవిత్రంగా చూసుకునే వస్తువును స్విచ్‌బోర్డు కింద పెట్టామంటే అదీ ప్రదర్శనలో భాగమే.

కెమెరా ఎత్తు కూడా రాసుకోవాలి. లెన్సు నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఒకసారి, 120 సెంటీమీటర్లలో ఇంకోసారి. రెండోది పదేళ్ళ పిల్లల కంటికి, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళ కంటికి దగ్గరి ఎత్తు. పై ఎత్తులో చక్కగా చదవగలిగిన లేబుల్ కింది ఎత్తులో ట్యూబ్‌లైట్ మెరుపు పడి తెల్లగా మాసిపోవడం మామూలే. స్కూలు పిల్లల కోసం కట్టామని చెప్పే గదిలో పిల్లలకు కనబడేది ఏమిటో అప్పుడు తేలుతుంది.

సెల్‌ఫోన్‌తో ఈ పని చేయవచ్చు. కాకపోతే రెండు చోట్ల అది మోసం చేస్తుంది. ఫోన్ ప్రధాన లెన్సు చాలా వైడ్, దాదాపు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం; దగ్గరికెళ్తే అంచులు సాగి చిన్న గది హాలులా కనిపిస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయాలి. రెండోది హెచ్‌డీఆర్, నైట్ మోడ్. చీకట్లో పడున్న లేబుల్‌ను అవి వెలిగించేస్తాయి. ఫొటోలో మ్యూజియం బాగుంటుంది, మ్యూజియంలో మాత్రం ఎవరూ చదవలేరు. ఆ రెండూ ఆపి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, పక్కన వెలుగు కొలిచే లక్స్‌మీటర్ రీడింగ్ రాసుకోవాలి. కెమెరా ఉంటే ట్రైపాడ్, ఎఫ్8, ఐఎస్ఓ 100 నుంచి 400, రా ఫైల్ (కెమెరా మార్పుల్లేకుండా దాచే ఫైల్). మొదటి ఫ్రేములో రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, గ్రే కార్డు, తప్పదు, లేకుంటే పసుపు బల్బు కింద గోధుమరంగు తోలు ఏ రంగో తరవాత ఎవరూ చెప్పలేరు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/100, 1/50 లేదా ఇంకా నెమ్మదిగా పెట్టకపోతే ఫొటోలో అడ్డచారలు పడతాయి. ఫ్లాష్ వద్దు.

అద్దం మెరుపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కొని, అద్దానికి సూటిగా ఎదురుగా నిలబడి, పనిచేయట్లేదని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ. అది సూటిగా పనిచేయదు. అద్దానికి లంబంగా ఒక గీత ఊహించుకుంటే, దాని నుంచి సుమారు 56 డిగ్రీలు పక్కకు జరిగినప్పుడే మెరుపును బాగా కోస్తుంది. అదీ వచ్చే వెలుగులో దాదాపు మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు వంతు దాకా తినేస్తుంది. వెంకటగిరి చీర జరీ మీద వాడితే కొంత తళుకు కూడా పోయి చీర నీరసంగా కనిపించవచ్చు. ఎదురుగానే తీయాల్సి వస్తే రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ వెడల్పు నల్లగుడ్డకు లెన్సు పట్టేంత రంధ్రం చేసి కెమెరా ముందు అడ్డంగా పట్టుకోవడం మేలు. రబ్బరు హుడ్‌ను అద్దానికి ఆనించడం కూడా మంచిదే, చిన్న వస్తువులకు.

ఇంత కష్టపడి మెరుపు తీసేశాక, దాన్ని ఉంచి కూడా ఒక ఫ్రేము తీయాలి. అద్దంలో చూసేవాడి నీడ, కిటికీ, గార్డు కుర్చీ, బయట రోడ్డు పడతాయి. మెరుపు లేని ఫొటోలో చెంచు బొమ్మ అడవిలో ఒంటరిగా ఉన్నట్టుంటుంది. మెరుపున్న ఫొటోలో ఆ బొమ్మను చూస్తున్నది ఎవరో కూడా ఉంటుంది. మ్యూజియం తీరును ప్రశ్నించే ఫొటోగ్రాఫర్లకు ఆ రెండో ఫ్రేమే అసలు సరుకు. రెండూ భద్రపరచండి.

ఒక్కో బీరువాకు 15 నిమిషాలు. నలభై బీరువాల గ్యాలరీ ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. 240 ఫ్రేములు, ఒక్కోటి 30 ఎంబీ చొప్పున ఏడు జీబీ పైచిలుకు. మెరుపు ఫ్రేములు, కింది ఎత్తు ఫ్రేములు కలిపినా 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఒక కాపీ శాఖ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో. మొత్తం ఖర్చు ఒక ఫ్లెక్సీ గోడకంటే తక్కువే అవుతుంది.

తోలుబొమ్మ దగ్గర ఈ పద్ధతి ఎంత తేటగా పనిచేస్తుందో చూడండి. మేకతోలును పలచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్దేది వెనక నుంచి వెలుగు వస్తుందన్న లెక్కతోనే. మ్యూజియంలో దాన్ని ప్లైవుడ్ మీద మేకులతో కొట్టి ముందు నుంచి లైటు వేస్తే, ముదురు గోధుమరంగు చర్మం ముక్క కనిపిస్తుంది. ఆడించే బద్దలు తీసేస్తే ఆడించే చెయ్యి కూడా పోయినట్టే. ఇక్కడ రెండు ఫొటోలు ఒకే సైజులో పక్కపక్కన పెట్టండి: బీరువాలో ఉన్నది ఉన్నట్టు ఒకటి, తెల్లగుడ్డ వెనక బద్దలతో ఆటగాడి చేతిలో ఉన్నది ఒకటి. వెనక లైటుకు పాత గాజుబల్బు వాడకండి. వేడికి తోలు ముడుచుకుని అంచులు చిట్లుతాయి. ఎల్‌ఈడీ ప్యానెల్ గుడ్డకు మీటరు దూరంలో పెట్టి, ఫొటో అవగానే ఆర్పేయాలి. రంగులద్దిన తోలుకు, బట్టకు, కాగితానికి ప్రదర్శనలో 50 లక్స్ మించకూడదన్నది ప్రపంచమంతా మ్యూజియంలు పాటించే హద్దు. ఉదయగిరి చెక్క గరిటెలకైతే వెలుగుతో అంత బాధ లేదు. వాటికి లోటు చేతులే. చెక్క ఏ కొండ నుంచి తెచ్చారు, ఎవరు చెక్కారు, ఆ పనిలో ఆడవాళ్ళ వంతు ఎంత అన్నది ఫొటోలో రావాలి. మార్కాపురం పలకకూ ఇదే మాట: క్వారీ, దుమ్ము, మనిషి లేని పలక సగం పలకే.

జనం ఫొటోలు కొత్తగా తీయించి వస్తువుల పక్కన పెట్టేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఫొటోగ్రాఫర్ గూడేనికి వెళ్ళి, చొక్కా విప్పమంటాడు, సెల్‌ఫోన్ పక్కన పెట్టమంటాడు, మోటార్‌సైకిల్ ఫ్రేములోంచి తీయించేస్తాడు. 1910 ప్రాంతంలో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ అమెరికా ఆదివాసుల గుడారంలో తీసిన ఫొటోలో ఇద్దరి మధ్య ఉన్న గడియారాన్ని అచ్చువేసేటప్పుడు చెరిపేశాడు, పాతకాలం మనుషుల్లా కనిపించాలని. దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచుపెంటల్లో (చెంచుల గూడేల్లో) రేషన్ కార్డూ, సోలార్ దీపమూ, తేనె తాడూ ఒకే ఇంట్లో ఉంటే మూడూ ఫ్రేములో ఉండాలి. కళాకారిణి పుష్పమాల ఎన్., ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీ కలిసి 2000 నుంచి 2004 దాకా చేసిన దక్షిణ భారత స్త్రీల ఫొటోల వరసను మీ క్యూరేటర్లకు తప్పక చూపించండి. పుష్పమాల తానే కొలతల గళ్ళ ముందు నిలబడి, ఆనాటి జాతుల ఫొటోను మళ్ళీ తీయించుకున్నారు. గళ్ళ ముందు నిలబెట్టడం ఎంత అసహజమో ఒక్క చూపులో తెలుస్తుంది. మన జిల్లాల్లోని డిగ్రీ కాలేజీ ఫొటోగ్రఫీ పిల్లలు, ముఖ్యంగా యానాది, ఎరుకల, చెంచు కుటుంబాల పిల్లలు, ఇలాంటి పని చేయగలరు. కెమెరా వాళ్ళకివ్వండి. ఏది తీయాలో, ఏది తీయకూడదో వాళ్ళకు ఎక్కువ తెలుసు.

పాత ఫొటోలను ఊళ్ళలోకి తీసుకెళ్ళడం ఇంకా సున్నితమైన పని. భారత కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు ప్రచురణ తరవాత 60 ఏళ్ళతో పోతుంది, కాబట్టి థర్‌స్టన్ సంపుటాల్లోని బొమ్మలు ఎవరైనా వేసుకోవచ్చు. చట్టం అడ్డురానంత మాత్రాన గోడకెక్కించే హక్కు మనకుందనుకోకూడదు. అమెరికాలో బానిసగా ఉన్న రెంటీ అనే ఆయనను, ఆయన కూతురు డేలియాను 1850లో ఒక శాస్త్రవేత్త కోసం బట్టలు విప్పించి ఫొటో తీశారు. వాటి కోసం ఆయన వంశస్థురాలినని చెప్పిన టమారా లానియర్ 2019లో హార్వర్డ్ మీద కోర్టుకెక్కారు. 2025లో ఆ ఫొటోలను వదులుకోవడానికి హార్వర్డ్ ఒప్పుకుంది. మన దగ్గర ఆ గొడవ రాకముందే మేలుకోవచ్చు.

చేయాల్సింది ఇలా ఉంటుంది. ఎనిమిది బై పది అంగుళాల ప్రింట్లు తీసుకుని కాలనీకి వెళ్ళాలి. ముందు పెద్దలకు, విడిగా, ఇంటి లోపల చూపించాలి. నలుగురిలో పెట్టి ఇది మీ తాతేనా అని అడగకూడదు. సెటిల్‌మెంట్ నాటి ఫొటో అయితే పాత మచ్చను బజార్లో తవ్వినట్టవుతుంది. ఒంటిమీద బట్ట లేకుండా కొలతల కోసం తీసినవి మొదట మూసిన కవరులోనే ఉంచి, అడిగితేనే తెరవాలి. అనుమతి మూడు విడివిడి ప్రశ్నలుగా అడగాలి: ఫొటో తీయవచ్చా, గోడ మీద పెట్టవచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా. ఒక్క సంతకంతో మూడూ లాగేయడం వల్లే తరవాత గొడవలొస్తాయి. ఫారం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, ఒప్పుకున్న మాట ఆడియోలో ఉండాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. కూర్చోబెట్టిన రోజుకు కూలి కట్టివ్వాలి. ఫొటోలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక ప్రింటు చేతికివ్వాలి. వాట్సాప్‌లో పంపిస్తామనడం ఇవ్వడం కాదు.

లేబుళ్ళ విషయంలో ఒకటే కోరిక, గట్టిగా. ప్రతి లేబుల్ కింద రాసినవారి పేరు, రాసిన ఏడాది ఉండాలి. ఫొటో అయితే తీసినదెవరు, ఎప్పుడు, ఎక్కడ, ఫొటోలో ఉన్నదెవరు, ఎందుకు తీశారు, మ్యూజియానికి ఎలా వచ్చింది అన్న ఆరు సంగతులుండాలి. తెలియని చోట తెలియదని రాయాలి. ఖాళీ వదిలితే సందర్శకుడికి ఏదీ లోటున్నట్టు అనిపించదు. వస్తువైతే దాని ప్రయాణం మొత్తం రావాలి. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలిచి అక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకెళ్ళి, హంపిలో గుడి కట్టి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి కొండ మీది శిథిలాలు, హంపిలో ఖాళీ అయిన గర్భగుడి, చెన్నైలో విగ్రహం, మూడు ఫొటోలు ఒకే వరసలో నెల్లూరులో వేలాడితే చాలు. విగ్రహం మనకు తిరిగి రాకపోయినా దాని కథ మన జిల్లాకు వస్తుంది. ఇందుకు ఎవరి అనుమతీ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడక్కర్లేదు.

ప్రింట్లు వేయించేటప్పుడు మన వాతావరణం గుర్తుంచుకోవాలి. నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే కాగితం మీద బూజు పడుతుంది. పిగ్మెంట్ ఇంకుతో మ్యాట్ కాగితం మీద 12 బై 18 అంగుళాలు వేయించి, ప్రింటుకూ అద్దానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచే పట్టీ పెట్టించాలి. ఎడం లేకపోతే తేమకు ప్రింటు అద్దానికి అంటుకుపోతుంది, ఊడదీస్తే ముఖం చిరిగిపోతుంది. గోడకూ ఫ్రేముకూ మధ్య కూడా చిన్న బిరడాలు పెట్టి గాలి ఆడనివ్వాలి. ఇంకో మాట: వస్తువు ఫొటో నాలుగడుగులు, చేసిన మనిషి ఫొటో పోస్ట్‌కార్డంత వేయకండి. సమానమైన సైజు, సమానమైన ఎత్తు.

వానలు ఆగిన జనవరిలో, ముందు చందవరం, కనుపర్తి శిల్పాలతో, ఆ వెంటనే గిరిజన వస్తువులున్న గ్యాలరీలతో ఈ సర్వే మొదలుపెట్టమని కోరుతున్నాం. సర్వే ఫొటోలను యథాతథంగా, కోతల్లేకుండా, ప్రజలు చూసేలా పెట్టండి. గ్యాలరీ మార్పుల కమిటీలో ఆ వస్తువులు ఎవరివో ఆ కుటుంబాల నుంచి కనీసం ముగ్గురుండాలి, అందులో ఒకరైనా ఆడమనిషి అయి ఉండాలి, ఏ ఫొటో వద్దో చెప్పే అధికారం వాళ్ళకు రాతపూర్వకంగా ఉండాలి. ఆరు ఫ్రేముల పద్ధతిని మీ సిబ్బందికి ఒక్క రోజులో నేర్పడానికి మేము సిద్ధం. నల్లగుడ్డ, గ్రే కార్డు, లక్స్‌మీటర్ మేమే తెస్తాం. గ్యాలరీ తాళం, ట్రైపాడ్‌కు అనుమతి మీరివ్వాలి.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఫొటోగ్రఫీ, మ్యూజియం డాక్యుమెంటేషన్ పని చేసేవాళ్ళం